కోలారు సీమలో సామగ్రి గణనము

కోలారు పేరు వినగానే బంగారము జ్ఞప్తికి వచ్చుట సహజము. పట్టు, పాలు, బంగారము అను మూడింటివలన ఆ జిల్లాకు ప్రసిద్ధి కలిగినది. వీనిలో బంగారము నేల లోతులలోనిది. పట్టు పొలములోని ఆకునుండి వచ్చునది. చూపునకు ఈ రెండింటికిని పోలిక లేదు. అయినను రెండింటియందును సమానమైన ధర్మమొకటి కలదు. తుదివస్తువు ఒక్కటియే. దాని వెనుక అనేక వస్తువులు, వాని వెనుక మరికొన్ని వస్తువులు మెట్లు మెట్లుగా నిలిచియుండును. పై మెట్టున ఒకటి కావలయునన్న క్రింది మెట్లలో ఏది, ఎంత, ఎన్నడు సిద్ధముగ నుండవలయునో ముందుగా తెలియవలయును. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున కర్మాగారములవారు ఈ గణనమును ఒక శాస్త్రముగా తీర్చి, దానికి మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ అని పేరిడిరి. తెలుగున దానిని సామగ్రి అవసరముల ప్రణాళిక అనవచ్చును. శాస్త్రమునకు పేరు క్రొత్తది. అది తీర్చదలచిన చిక్కు మాత్రము కోలారు సీమకు చిరపరిచితము.

బైరకూరు పట్టు లెక్క

ముళబాగిలు తాలూకాలో ఆంధ్రదేశపు సరిహద్దు ప్రక్కనున్న హోబళి కేంద్రము బైరకూరు. కన్నడ రాష్ట్రమున నున్నను ఆ ప్రాంతమున తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు మెండు. పదునెనిమిదవ శతాబ్ది చివర టిప్పు సుల్తాను మైసూరు రాజ్యమున పట్టుపరిశ్రమను నెలకొల్పిన పిమ్మట అది క్రమముగా కోలారు పల్లెలకును వ్యాపించినది. ఈ సీమలో పట్టుపురుగులను పెంచు రైతు చేయు లెక్కను పరిశీలించినచో సామగ్రి ప్రణాళిక స్వరూపము సులభముగా బోధపడును.

సంకరజాతి గూళ్లనుండి 1 కిలో ముడిపట్టు తీయుటకు సుమారు 7 లేక 8 కిలోల గూళ్లు కావలయును. 1 కిలో గూళ్లు రావలయునన్న పురుగులకు సుమారు 15 మొదలు 20 కిలోల మల్బరీ ఆకు వేయవలయును. కావున 10 కిలోల ముడిపట్టునకు 80 కిలోల గూళ్లనియు, ఆ గూళ్లకు 1,200 మొదలు 1,600 కిలోల ఆకనియు తేలుచున్నది. ఇది పరిమాణపు లెక్క. దీనికి తోడు కాలపు లెక్క కలదు. పురుగు గ్రుడ్డునుండి వెలువడినది మొదలు గూడు కట్టుటకు సిద్ధమగువరకు సుమారు 25 దినములు పట్టును. ఈ నడుమ అది నాలుగుసార్లు కుబుసము విడుచును. నాలుగవ కుబుసము పిదప వచ్చు చివరి వారమున తినునదియే మొత్తపు ఆకులో అధికభాగము. ఆ వారమున తోటలో ముదురని ఆకు సమృద్ధిగా నుండవలయునన్న, కొమ్మలను రెండు నెలలకు పూర్వమే కత్తిరించియుండవలయును. గ్రుడ్లు తెచ్చిన పిమ్మట తోటను గూర్చి ఆలోచించు రైతు అప్పటికే ఆలస్యము చేసినవాడగును.

ఈ వృత్తిలో నిలువ చేయుట అను ఉపాయము చెల్లదు. కోసిన ఆకు ఒకటి రెండు దినములలో వాడిపోవును. గూడు కట్టిన పదిదినములకు పిదప లోని పురుగు చిమ్మటగా మారి గూటిని తొలుచుకొని వెలువడును. అట్టి గూటినుండి ఎడతెగని దారము రాదు. ధాన్యపు గాదెవలె ఇచ్చట ఏ మెట్టునందును మిగులు దాచుట సాధ్యము కాదు. కనుకనే రైతు పై మెట్టునుండి క్రిందికి, రాబోవు దినమునుండి వెనుకకు లెక్కించుట నేర్చుకొనవలసివచ్చినది. కాగితము లేకున్నను లెక్క కలదు. లెక్క తప్పినచో నష్టము ఆ పంటలోనే కనబడును.

బంగారము వెనుక మెట్లు

బైరకూరు ప్రాంతమున పట్టుకు గల ఈ సూత్రము, అదే జిల్లాలోని బంగారు గనులయందు మిక్కిలి పెద్ద ప్రమాణమున గోచరించును. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ మైసూరు సరిహద్దుల సర్వే చేయుచు ఊరిగాము, మారికుప్పము పరిసరములలో స్థానికులు మట్టిని కడిగి బంగారు రేణువులు తీయుటను చూచి నమోదు చేసెను. అప్పటి పనివానికి కావలసిన సామగ్రి కొలదిపాటిది. రాతిని కొట్టుటకు సుత్తి, కడుగుటకు తట్ట, నీరు. మెట్లు రెండు మూడింటికి మించవు. 1875లో మైఖేల్ లావెల్ అనునతనికి మైసూరు ప్రభుత్వమువలన గని హక్కు లభించెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను లండను సంస్థ నిర్వహణ వహించిన పిమ్మట ఆ మెట్ల సంఖ్య పెరుగసాగెను.

అప్పటినుండి బంగారపు కడ్డీ వెనుకనున్న సామగ్రిని మెట్టు మెట్టుగా విప్పి చూడవచ్చును. బంగారమునకు పిండిగా కొట్టిన రాయి కావలయును. కొట్టుటకు ఇనుప రోకళ్ల మరలు, పాదరసము, 1890 దశకమునుండి సైనైడు, దానితో యశదము కావలసెను. రాయి పైకి వచ్చుటకు త్రవ్వకము, ప్రేలుడు పదార్థములు, పైకప్పునకు ఊతమిచ్చు దుంగలు, బావినుండి ఎత్తు యంత్రములు కావలసెను. త్రవ్వు సాధనములకు ఒత్తిడిగాలి, ఆ గాలికి యంత్రశక్తి, యంత్రములకు ఆవిరి, ఆవిరికి కట్టెలు, బొగ్గు, నీరు. వీనిలో ఏ ఒక్కటి కొరవడినను పై మెట్టున బంగారము ఆగిపోవును. నూరు వస్తువులు సమృద్ధిగా నుండి నూటయొకటవది లేకున్నచో, ఆ నూరింటిపై పెట్టిన ధనము పనిలేక నిలిచిపోవును.

ఈ దృష్టితో చూచినచో కోలారు గనుల చరిత్రలోని ప్రధాన ఘట్టములు ఒక్కొక్కటియు ఒక్కొక మెట్టును భద్రపరచిన ప్రయత్నములుగా కనబడును. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేటనుండి మారికుప్పమువరకు రైలుమార్గము వేయబడెను. బొగ్గు, యంత్రభాగములు, దుంగలు అంతకుపూర్వము బండ్లపై చేరవలసియుండెను. రైలుతో సామగ్రి రాకకు పట్టు గడువు తగ్గినది. గడువు తగ్గినప్పుడు నిలువ ఉంచవలసిన రాశియు తగ్గును. పాలారు నీటిని బేతమంగలమునుండి గనులకు చేర్చిన జలయంత్రాలయము మరియొక మెట్టును నిలిపెను.

వీనికంటె ఘనమైనది విద్యుచ్ఛక్తి. దివాను శేషాద్రి అయ్యరు పాలనలో రూపొందిన శివసముద్రము పథకము 1902 జూను 30న గనులకు విద్యుత్తును అందజేసెను. కావేరి జలపాతమునుండి కోలారు గనులవరకు సుమారు 92 మైళ్ల దూరము. ఆ కాలమున ప్రపంచములోని దీర్ఘతమ విద్యుత్ప్రసారమార్గములలో అదియొకటి. బెంగుళూరు నగర వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. నగరమునకు పూర్వమే గనికి విద్యుత్తు చేరుట ఏల యను ప్రశ్నకు సామగ్రి లెక్కయే సమాధానము. గనికి ఎంత శక్తి కావలయునో ముందుగా తెలిసియుండెను, కొనుట నిశ్చయము, కనుక దానిపై ఆధారపడి అంతటి పథకమునకు ధనము వెచ్చించుట సాధ్యమయ్యెను.

అయినను మెట్లు అంతటితో ముగియలేదు. వేసవిలో కావేరి ప్రవాహము సన్నగిల్లినచో విద్యుత్తు తగ్గును. విద్యుత్తు తగ్గినచో గనిలో పని తగ్గును. కావున విద్యుత్తు క్రింద మరియొక మెట్టు, అనగా నిలువ నీరు, కావలసెను. 1911లో ప్రారంభమైన కన్నంబాడి ఆనకట్టకు చెప్పిన ముఖ్యకారణములలో వ్యవసాయముతో పాటు కోలారు గనులకు ఎడతెగని విద్యుత్సరఫరా ఒకటి. ఆ పథకమును ముందుకు నడిపినవారు నాటి చీఫ్ ఇంజనీరు, పిదప దివాను అయిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి వంశము తెలుగునేలనున్న మోక్షగుండము గ్రామమునకు చెందినది. జన్మస్థలమైన ముద్దేనహళ్లి నాడు కోలారు జిల్లాలోనిదే. మారికుప్పములో కరగిన కడ్డీకిని, మైసూరు చెంత కావేరిపై లేచిన రాతికట్టకును సంబంధము ఇట్లు ఏర్పడినది.

మారిన నిష్పత్తి

సామగ్రి లెక్కలో వస్తువుల పేర్లు తెలిసిన చాలదు. ఒక మెట్టు వస్తువునకు క్రింది మెట్టునుండి ఎంత కావలయునను నిష్పత్తి ప్రధానము. పట్టునందు ఈ నిష్పత్తి ఏండ్ల తరబడి కొలదిగా మాత్రమే మారును. గనిలో అట్లు కాదు. కోలారు గనుల తొలినాళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు మించి బంగారము లభించెడిది. చివరి సంవత్సరములలో అది 3 గ్రాముల పరిసరములకు దిగజారెను. టన్నుకు 40 గ్రాముల చొప్పున 1 కిలో బంగారమునకు 25 టన్నుల రాయి చాలును. 3 గ్రాముల చొప్పున 333 టన్నులు కావలయును. అనగా పదుమూడు రెట్లు.

ఈ పదుమూడు రెట్ల భారము రాతితోనే ఆగదు. రాతిని ప్రేల్చుటకు, ఎత్తుటకు, దంచుటకు, కరగించుటకు కావలసిన ప్రతి వస్తువుపైనను అది పడును. దానికి తోడు లోతు పెరుగుచు వచ్చెను. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. అంతలోతున రాతి వేడి మనిషి ఓర్వలేనిది. గాలిని చల్లబరచి లోనికి పంపవలసివచ్చెను. రాతి ఒత్తిడివలన సంభవించు విస్ఫోటముల నరికట్టుటకు రాతి గోడల ఊతములు హెచ్చించవలసివచ్చెను. పూర్వము పట్టికలో లేని మెట్లు క్రొత్తగా చేరినవి. ఉన్న మెట్ల నిష్పత్తులు పెరిగినవి. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. 1962లో అవి కేంద్రప్రభుత్వమునకు చేరెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడెను. యాజమాన్యము మారినను నిష్పత్తి మారలేదు. గనుల క్షీణతకు కారణములు చెప్పునప్పుడు నిర్వాహకులను, కార్మికులను నిందించుటకు పూర్వము ఈ లెక్కను చూచుట న్యాయము.

1964వ సంవత్సరము

గనులు ఇట్లు భారమగుచున్న కాలముననే కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కు మరియొక పరిశ్రమ వచ్చెను. 1964లో భారత ప్రభుత్వ రక్షణశాఖ క్రింద భారత్ ఎర్త్ మూవర్స్ లిమిటెడ్ స్థాపింపబడెను. మట్టిని త్రవ్వి త్రోయు భారీ యంత్రములను నిర్మించు దాని కర్మాగారము గనుల పట్టణమునందే వెలసెను. బుల్‌డోజర్ల నిర్మాణమున జపానుకు చెందిన కొమాట్సు సంస్థతో సాంకేతిక సహకారము కుదిరెను. బంగారపు కడ్డీ అనేక వస్తువులను వెచ్చించి తీసిన ఒక్క వస్తువు. బుల్‌డోజరు వేలకొలది భాగములను కూర్చి కట్టిన వస్తువు. భాగములో భాగము, దానిలో మరియొక భాగము. ఇట్టి వస్తువునకే సామగ్రి ప్రణాళిక శాస్త్రము పుట్టినది.

ఆ శాస్త్రముయొక్క పుట్టుకయు ఇంచుమించు ఆ కాలమునందే. అంతకుపూర్వము కర్మాగారములు నిలువలను నడుపు పద్ధతి కిరాణా అంగడి పద్ధతి. ఉప్పు బస్తా అడుగంటగానే అంగడివాడు మరియొక బస్తాకు కబురంపును. ఎంత తెప్పించుట లాభకరమో తేల్చు సూత్రమును 1913లో ఫోర్డ్ హారిస్ అను అమెరికను చెప్పెను. ఉప్పు విషయమున ఈ పద్ధతి చక్కగా నడచును. ఏలనన ఉప్పు కొనువారు దినదినమును వచ్చుచుందురు. యంత్రభాగమునకు అట్లు కాదు. పై యంత్రము కట్టు వారమున అది వందలకొలది కావలయును. పిదప నెలల తరబడి ఒక్కటియు అక్కరలేదు. ఈ భేదమును స్పష్టపరచినవాడు చెకొస్లొవేకియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన జోసెఫ్ ఆర్లికీ. బయటివారు కోరునది స్వతంత్రమైన అవసరము. దానిని అంచనా వేయవలయును. ఆ వస్తువునకై లోపల కావలసినది ఆధారితమైన అవసరము. దానిని అంచనా వేయరాదు, లెక్కింపవలయును. ఆర్లికీ ట్రాక్టర్లు తయారుచేయు జె. ఐ. కేస్ సంస్థలో పనిచేసి, పిదప ఐ.బి.ఎమ్. సంస్థలో చేరెను. 1964లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ ఈ పద్ధతిని అమలుపరచెను. ఆర్లికీ గ్రంథము 1975లో వెలువడెను. కోలారులో భూఖనన యంత్రముల సంస్థకును, అమెరికాలో ఈ పద్ధతికిని 1964 సమానమైన సంవత్సరమగుట యాదృచ్ఛికమే. కాని రెండును ఎదుర్కొన్న చిక్కు ఒక్కటియే.

ఆ చిక్కును ఒక చిన్న లెక్కతో విశదపరచవచ్చును. ఇచ్చట సంఖ్యలు ఉదాహరణకై గ్రహింపబడినవి. 10 బుల్‌డోజర్లు కట్టవలయును. ఒక్కొక్క యంత్రమునకు రెండు ప్రక్కల రెండు ఇనుపపట్టాలు. కనుక 20 పట్టాలు. ప్రతి పట్టాకు ఒక లంకె గొలుసు. ప్రతి గొలుసునకు 40 పిన్నులు. ఇట్లు మొత్తపు లెక్కన 800 పిన్నులు కావలయును. గిడ్డంగిలో 80 పిన్నులు కలవు గనుక 720 చేయించుట ఉచితమని గుమాస్తా వ్రాయవచ్చును. ఆ వ్రాత తప్పు. కూర్చి సిద్ధముగ నున్న పట్టాలు 5 కలవనుకొనిన, కట్టవలసినవి 15 మాత్రమే. సిద్ధముగ నున్న గొలుసులు 3 కలవనుకొనిన, కట్టవలసినవి 12 మాత్రమే. పన్నెండు గొలుసులకు 480 పిన్నులు. వానిలో 80 చేతనున్నవి. కనుక చేయింపవలసినవి 400. ప్రతి మెట్టునందును ఉన్నదానిని తీసివేసిన పిమ్మటనే క్రింది మెట్టునకు దిగవలయును. అట్లు చేయనిచో 320 పిన్నుల ఉక్కు, కూలి, కాలము వ్యర్థముగా గిడ్డంగిలో చేరును.

తరువాతిది కాలము. యంత్రము కూర్చుటకు 2 వారములు, పట్టాకు 1, గొలుసునకు 1, పిన్నులకు 4, వాని ఉక్కు తెప్పించుటకు 8 వారములు పట్టుననుకొనిన, ఉక్కుకు కబురు 16 వారములకు పూర్వమే వెళ్లవలయును. బైరకూరు రైతు గూళ్ల దినమునుండి వెనుకకు లెక్కించి కొమ్మ కత్తిరించు దినము నిర్ణయించుటయు, కర్మాగారము యంత్రపు దినమునుండి వెనుకకు లెక్కించి ఉక్కు దినము నిర్ణయించుటయు ఒక్క సూత్రముననే నడచుచున్నవి. రైతునకు మెట్లు నాలుగైదు, మనస్సున నిలుచును. యంత్రమునకు మెట్లు అనేకము, భాగములు వేలు. ఒక కోరిక మారినచో అన్నియు మరల లెక్కింపవలయును. గుమాస్తాలు కార్డులపై నెలకొకమారు చేయజాలని ఈ పునర్గణనము కంప్యూటరు వచ్చిన పిదపనే వారమునకొకమారు సాధ్యమయ్యెను. అయినను యంత్రగణనము ఎంత వేగవంతమైనను గిడ్డంగిలోని వస్తువుల సంఖ్య తప్పుగా వ్రాసియున్నచో ఫలితమును తప్పే యగును. లెక్కకు మూలము నిలువ పుస్తకము వ్రాయు మనిషి నిజాయితీ.

లెక్కలో చేరని మెట్టు

సామగ్రి పట్టికకు ఒక కఠిన ధర్మము కలదు. పై మెట్టున సంఖ్య పెరిగినచో క్రింది మెట్లన్నియు పెరుగును. పై మెట్టున సున్న వచ్చినచో అది మెట్టు మెట్టుగా దిగి తుదివరకు సున్ననే మిగుల్చును. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడెను. సుమారు 120 సంవత్సరములలో 800 టన్నులకు మించిన బంగారమునిచ్చిన గనుల కోరిక ఆ దినమున సున్న అయ్యెను. సైనైడు అక్కరలేదు, దుంగలు అక్కరలేదు, ఒత్తిడిగాలి అక్కరలేదు. ఈ వస్తువుల విషయమున పట్టిక చెప్పునది సత్యమే. సైనైడు కొనకున్న సైనైడునకు కష్టము లేదు.

కాని గని క్రింది మెట్లలో వస్తువులు మాత్రమే లేవు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతములనుండియు, కోలారు జిల్లా పల్లెలనుండియు వచ్చి తరతరములుగా గనిలో దిగిన తమిళ, తెలుగు, కన్నడ కుటుంబములు కలవు. వారి జీతముపై నడచిన అంగళ్లు, పాఠశాలలు, పాలు కూరలు అమ్మిన చుట్టుప్రక్కల ఊళ్లు కలవు. ఇవియు ఆధారితములే. ఏ గిడ్డంగి పుస్తకమునందును వీనికి వరుస లేదు. కనుక సున్న వచ్చినప్పుడు వీనికి ప్రత్యామ్నాయము ముందుగా లెక్కింపబడలేదు. నిష్పత్తి 40 గ్రాములనుండి 3 గ్రాములకు దిగుట ఒక్క దినమున జరిగినది కాదు. దశాబ్దముల గడువు లభించినది. ఉక్కునకు 16 వారములు ముందుగా కబురంపు శాస్త్రము, మనుష్యుల బ్రతుకునకు 16 సంవత్సరములు ముందుగా ఏర్పాటు చేయు విధానముగా మారలేదు. మారికుప్పము రైలు ఒకనాడు బొగ్గును, యంత్రములను గనికి తెచ్చినది. గనులు మూసిన పిదప ఆ రైలే ప్రతి ఉదయమును గనికార్మికుల సంతానమును బెంగుళూరు పనులకు కొనిపోవుచున్నది.

భూఖనన యంత్రముల కర్మాగారము ఆ పట్టణమున నిలిచియుండుట కొంత ఊరట. బైరకూరు వంటి గ్రామములలో రైతు వెనుకకు లెక్కించు పద్ధతి నేటికిని మరుగుపడలేదు. కోలారు సీమ చరిత్రను వ్రాయువారు బంగారపు టన్నులను, రాజుల శాసనములను మాత్రమే గాక, గనుల గిడ్డంగి పుస్తకములను, వానిని వ్రాసినవారి జ్ఞాపకములను, పట్టురైతుల నోటి లెక్కలను సేకరించుట అవసరము. ఆ పుస్తకములు చెదలు పట్టక పూర్వము, ఆ పెద్దలు గతింపక పూర్వము ఈ పని జరుగవలయును. దానికిని ఒక గడువు కలదు.